కుర్చీ ఖాళీగానే ఉంది

19, సోమవారం

ఉదయం 7.10కి మందుల కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. చెవిలో వేసే చుక్కల సీసా మీద కంట్లో వేసే చుక్కల లేబుల్ అంటించి ఉంది. ఒక బస్సు డ్రైవర్, యాభై రెండేళ్ళ మనిషి, శనివారం ఆ చుక్కలు కుడికంట్లో మూడుసార్లు వేసుకున్నాడు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ లేబుల్ మా ప్రెస్‌లో అచ్చయింది.

7.25కి పెద్దసార్‌కి చెప్పాను. ప్రెస్ ఆయనది కాబట్టి మొదట ఆయనకే చెప్పాలి.

"ఎవరు?" అన్నారు.

"డ్రైవర్ సార్. కన్ను ఎలా ఉందో ఇంకా..."

"ఆయన సంగతి కాదయ్యా. మనవాళ్ళలో ఎవరు?"

8.00కి రోల్ నంబర్ తెలిసింది. పోయిన నెల 27న, శనివారం, లారీ ఎక్కిన రోల్. మిషన్ మీద వేసింది ఇంకు మామ. రీవైండింగ్ చేసింది మూడో బల్ల. అచ్చయిన లేబుళ్ళలో పాడైనవి కత్తిరించి తీసేసి, లెక్కపెట్టి, ఐదు వేలకో రోల్ చొప్పున చుట్టేది ఆ బల్లల మీదే. మూడో బల్ల మహారాణిది.

నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

తప్పు లేబుల్ పడ్డ సీసాలు రెండు వందలు. గోదాముల్లో, దుకాణాల్లో 186 దొరికాయి. ఒకటి డ్రైవర్ ఇంట్లో ఉంది. పదమూడు ఎక్కడున్నాయో తెలియదు.

20, మంగళవారం

మందుల కంపెనీ తనిఖీ మేడమ్ 9.30కి వచ్చారు. టీ వద్దన్నారు, నీళ్ళు తన సీసాలోవే తాగారు. ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు. అందులో చుక్కల మందు సీసా. లేబుల్ మధ్యలో అతుకు, అతుకు మీద పారదర్శక టేపు.

"ప్రొడక్షన్ మేనేజర్ మీరేగా. రోల్‌కి అతుకు వేస్తే మీ దగ్గర రూలేంటి?"

"ఎర్ర టేపు వేయాలి. మీ మిషన్ దగ్గరివాళ్ళకి కనపడేలా."

"ఎర్రది కనపడితే మావాళ్ళు ఆపుతారు. అటూ ఇటూ లేబుల్ చదువుతారు. ఇదేంటి మరి?"

"మీ దగ్గర కోడ్ చదివే కన్ను ఉంటుంది కదా మేడమ్. అదైనా పట్టుకోవాలిగా?"

"మూడు వారాలుగా ఆపేసి ఉంది. ఊరికే లైన్ ఆపేస్తోందని." ఆ మాట నా వైపు చూడకుండా అన్నారు. నేను సమయంతో సహా రాసుకున్నాను. పనికొస్తుంది.

వెళ్ళేటప్పుడు గేటు పక్కన, హాజరు మిషన్ దగ్గర ఆగారు.

"ఈ పసుపు కుర్చీ ఎవరిది?"

"మిషన్ ఆపినవాళ్ళది. షిఫ్టు చివరి పది నిమిషాలు అందులో కూర్చుంటారు."

"ఎందుకు?"

"అందరూ అటు నుంచే వెళ్తారు కాబట్టి."

"ఎర్ర టేపు వేస్తే?"

"అది వేయాలంటే పని ఆగాలి కదా మేడమ్. ఆగినట్టే లెక్క."

ఆవిడ స్టోరు రిజిస్టరు తెప్పించుకున్నారు. కుర్చీ రాకముందు ఏడాదిలో వాడిన ఎర్ర టేపు 38 చుట్టలు. కుర్చీ వచ్చిన పద్నాలుగు నెలల్లో ఒకటి. అందులో సగం ఇంకా మిగిలే ఉంది.

ఆ అంకె నేనే చాలా సమావేశాల్లో చెప్పాను. ఇవాళ చెప్పినప్పుడు మాత్రం ఎవరూ తలాడించలేదు.

మధ్యాహ్నం మహారాణిని సస్పెండ్ చేశాం. కాగితం మీద సంతకం నాది.

21, బుధవారం

ఈ పుస్తకంలో పోయిన నెల 27వ తేదీ పేజీ చూశాను. ఏమీ లేదు.

22, గురువారం

పెద్దసార్ గదిలో ఆరుగురం. గోడ మీద చార్టు. మిషన్ ఆగడం నెలకు 41 సార్ల నుంచి 4కి తగ్గింది. రోజువారీ ఉత్పత్తి నూటికి ఇరవై రెండు పెరిగింది. ముగ్గురు కొత్త ఖాతాదారులు వచ్చారు. చార్టు గీసింది నేనే. తిరిగొచ్చిన రోల్స్ అంతకుముందు ఏడాది 2, ఈ ఏడాది 11. అవి చార్టులో లేవు, వేరే ఫైల్లో ఉంటాయి. ఆ ఫైలు పైన నేను రాసిన మాట "ఖాతాదారుల చాదస్తం". ఆ అట్ట మార్చాలి.

"పద్నాలుగు నెలలు పూలబాటలా నడిచింది. ఒక్క మనిషి మన కొంప ముంచింది. అంతే కదా?" అన్నారు పెద్దసార్.

ఆరుగురం అంతే అన్నాం. నా గొంతే ముందు వచ్చింది.

బయటికొస్తుంటే ఇంకు మామ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ దారిలో నిలబడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాడు. నేను చేరిన రోజు రంగులు కలపడం నేర్పింది అతనే.

"సార్, ఇవాళ సింహాసనం మీద ఎవర్ని కూర్చోబెడతారు? పాపం, నాలుగు రోజులుగా ఖాళీ. దానికీ తోచదుగా."

"పని చూసుకో మామా."

"చూసుకుంటున్నా. పని తప్ప ఇంకేం చూసినా కుర్చీయేగా."

వెనక ఎవరో నవ్వారు. ఎవరో చూడలేదు. చూస్తే పేరు గుర్తుపెట్టుకోవాలి.

నేను ఎవర్నీ రెక్క పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెట్టలేదు. ఇది రాసి ఉంచడం మంచిది.

దొరకని సీసాలు తొమ్మిది.

23, శుక్రవారం

11.00కి మహారాణిని పిలిపించాను. ఆ పేరు నేను పెట్టింది కాదు. ఆ కుర్చీలో ఏడుసార్లు కూర్చుంది, ఇంకెవరూ రెండుసార్లు మించలేదు. అందుకని తోటివాళ్ళు పెట్టారు. గేటు దగ్గర "మహారాణీ, కాస్త జరుగు, కార్డు కొట్టుకోవాలి" అనేవారు. నేను వినేవాణ్ణి. హుషారుగా ఉన్నారనుకునేవాణ్ణి.

కూర్చోమన్నాను.

"వద్దు సార్. కుర్చీలు నాకు పడవు."

"27న ఏం జరిగింది?"

"రెండొందలు తక్కువొచ్చాయి. డబ్బాలోంచి ముక్క తీసి అతికించాను. ముందురోజు కంటి చుక్కలవి చేశాం, ఆ ముక్క ఉండిపోయింది. రెండూ ఒకే ఆకుపచ్చ, ఒకే సైజు. అక్షరాలు చూడలేదు. బయట లారీ అతను హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు. అతికించింది నేనే. కాదన్నానా?"

"ఏ డబ్బా?"

"మీకు తెలీదా?"

"తెలీదు."

"అయితే ఇక్కడ తెలియంది మీ ఒక్కరికే."

"తక్కువొస్తే నాకు చెప్పాలిగా. మిషన్ మళ్ళీ ఎక్కించి ఆ రెండొందలూ వేయించేవాణ్ణి."

నా మొహం వైపు చూసింది.

"చెప్పాను సార్."

"ఎప్పుడు?"

"నన్నడుగుతారేంటి? మీరన్నీ రాసుకుంటారటగా. అందులో చూసుకోండి."

తలుపు వేయకుండా వెళ్ళిపోయింది.

సస్పెండైన మనిషి ఏమైనా అంటుంది. 27వ తేదీ పేజీ మొన్ననే చూశాను. మళ్ళీ చూడక్కర్లేదు.

24, శనివారం

పని ఆపేసి బల్లలు తిరగేశాం. తనిఖీ మేడమ్ ఎదురుగా.

నాలుగు బల్లల కింద నాలుగు బిస్కెట్ డబ్బాలు దొరికాయి. ప్రతి డబ్బాలోనూ లేబుల్ ముక్కలే, యాభైవీ, నూరువీ, రెండొందలవీ. పాత పనుల్లో మిగిలినవి చించి పారేయాలి, అది రూలు. వీళ్ళు దాచుకున్నారు. లెక్క తక్కువొస్తే మిషన్ ఆపమని అడగకుండా, ఎర్ర టేపు వేయకుండా, ముక్క తీసి పారదర్శక టేపుతో అతికించడం. పైనుంచి చూస్తే తెలియదు, వేలితో తడిమితే తెలుస్తుంది. ఒకటో బల్ల డబ్బాలో ముక్కల్ని రంగుల వారీగా సర్ది, మధ్యలో అట్టముక్కలు పెట్టారు. అంత శుభ్రంగా మా స్టోరు కూడా ఉండదు.

"ఎప్పట్నుంచి?" అని ఒకటో బల్ల అతన్ని అడిగాను.

"ఏది సార్?"

"ఈ డబ్బా."

"కుర్చీ వచ్చిన వారం నుంచి."

"నలుగురూ కలిసి అనుకుని చేశారా?"

"ఇందులో అనుకునేదేముంది సార్? గొడుగు కొనుక్కోవడానికి మీటింగ్ పెట్టుకుంటామా?"

గోదాములో పంపకుండా ఆపిన రోల్స్ అరవై. అన్నీ విప్పి తడిమాం. దొంగ అతుకులు పంతొమ్మిదింటికి ఉన్నాయి. వాటిలో మహారాణివి రెండు, మిగతా పదిహేడూ మిగతా ముగ్గురివి. ఆ ముగ్గురూ పద్నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా కుర్చీ ఎక్కలేదు. ఏడాది చివర ఉత్తమ కార్మికులని ముగ్గురికీ ప్రశంసాపత్రాలు ఇచ్చాం. ఇచ్చింది నా చేతులతోనే. ఫోటో మెట్ల దగ్గర ఉంది.

మేడమ్ ఆ సగం మిగిలిన ఎర్ర టేపు చుట్ట ఏ బల్లకు ఇచ్చారో చూశారు. మూడో బల్లకు.

"అంటే ఏడుసార్లు కుర్చీ ఎక్కినావిడ, చెప్పి ఆపినావిడ," అన్నారు మేడమ్.



25, ఆదివారం

అమ్మాయి స్కూటీ తీసి వీధి చివర కూరగాయల దుకాణం దాకా వెళ్ళాను. మలుపులో వెనక బ్రేకు పడలేదు. గోడకు చెయ్యి ఆనించి ఆపాను. మోచెయ్యి గీసుకుపోయింది.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"నెల నుంచి," అంది అమ్మాయి, ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

"నెల! మరి చెప్పొచ్చుగా?"

"చెప్తే ముందు 'నువ్వేం చేశావ్ దానికి' అంటావుగా నాన్నా. ముందు బ్రేకుతో, కాలితో ఆపుకుంటున్నా."

"కాలితోనా!"

మా ఆవిడ వంటింట్లోంచి, "దాన్ని అరవకండి. నాకూ తెలుసు," అంది.

"నీకు తెలిస్తే నువ్వన్నా..."

"చెప్దామనే అనుకున్నా. ఆ వారం మీరు మంచి ఊపులో ఉన్నారు, చార్టు అదీ అని."

మెకానిక్ దుకాణం ఆదివారం మూసి ఉంది.

దొరకని సీసాలు నాలుగు.

26, సోమవారం

10.15కి మందుల కంపెనీ ఉత్తరం వచ్చింది. పని మొత్తం వెనక్కి తీసుకున్నారు. మా పనిలో అది నూటికి నలభై ఆరు పాళ్ళు. 12.40కి సబ్బుల కంపెనీవాళ్ళు ఫోన్ చేసి, తమ రోల్స్ కూడా తడిమి చూస్తామన్నారు. వచ్చే నెల నుంచి రెండో షిఫ్టు ఉండదు. ముప్ఫై ఒక్క మంది.

మందుల నియంత్రణ అధికారి విచారణ గురువారం, ప్రెస్ మూడో అంతస్తులో.

మూడింటికి పెద్దసార్ ఒక కాగితం ముందుకు తోశారు. "కార్మికురాలి వ్యక్తిగత నిర్లక్ష్యం వల్ల జరిగిన ఘటన. సంస్థ పని విధానాలకు సంబంధం లేదు. లెక్క తక్కువ వచ్చిన సంగతి ఆమె పైవారికి తెలియజేయలేదు." కింద నా హోదా, సంతకానికి చోటు.

"పెట్టు."

"మిగతా ముగ్గురివి పదిహేడు ఉన్నాయి సార్."

"అవి ఎవరి కంట్లోనైనా పడ్డాయా?"

"ఈ కాగితంతో ఆవిడ మీద కేసవుతుంది. జైలు దాకా పోవచ్చన్నారు లాయర్."

"ఆవిడ మీద కాకపోతే ఎవరి మీదవుతుందో అదీ చెప్పారా లాయర్?"

కాగితం మళ్ళీ మొదట్నుంచి చదివాను.

"కుర్చీ ఆలోచన నీది. మెయిల్ నీది. కొనుక్కొచ్చింది నువ్వు. నేను సరే అన్నాను, అంతవరకే."

"పసుపు రంగు మీరు చెప్పారు సార్."

"ఏంటీ?"

"నేను నలుపు తెద్దామనుకున్నాను. దూరం నుంచి కనపడాలి, పసుపు తెమ్మన్నది మీరు."

ఆయన మొహం చూసి అక్కడితో ఆపాను. సంతకానికి బుధవారం సాయంత్రం దాకా గడువు ఇచ్చారు.

మూడో వాక్యం ఒక్కటే నాకు ఇబ్బంది. మిగతావి అభిప్రాయాలు. మూడోది జరిగినదో, జరగనిదో.

27, మంగళవారం

పోయిన నెల 27వ తేదీ పేజీ మళ్ళీ తీశాను. ఈసారి మొదటి పేరా దగ్గర ఆగకుండా కింది దాకా చదివాను. అడుగున నాలుగు లైన్లు. ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను.

"సా. 4.20. మహారాణి మళ్ళీ గుమ్మంలో. రెండొందలు తక్కువట, మిషన్ మళ్ళీ ఎక్కించాలట. కుర్చీ ఖాళీగానే ఉంది అన్నాను. నవ్వి వెళ్ళిపోయింది. 4.50కి లారీ కదిలింది. నెలలో మిషన్ ఒక్కసారీ ఆగలేదు."

21న ఈ పేజీ చూశానని, ఏమీ లేదని రాశాను. చూశాను. ఏమీ లేదనే రాశాను.

నవ్వి వెళ్ళిపోయింది అని కూడా రాశాను. నవ్విందో లేదో నాకు గుర్తులేదు. గుమ్మంలో ఆవిడ చేతిలో కత్తెర ఉన్నట్టు గుర్తు. మొహం గుర్తులేదు.

చింపేద్దామనుకున్నాను. ఈ పుస్తకంలో పేజీలకు నంబర్లు ఉన్నాయి, అచ్చు వేసింది మా ప్రెస్సే. నేను అన్నీ రాస్తానని ఆఫీసంతా తెలుసు. ఒకటి పోతే తెలిసిపోతుంది. అందుకని చింపలేదు. ఇంతకన్నా మంచి కారణం రాద్దామని చాలాసేపు చూశాను. దొరకలేదు.

స్కూటీ బ్రేకు బాగుచేయించాను.

28, బుధవారం

ఉదయం 8.15కి ఆసుపత్రి నుంచి సమాచారం. బస్సు డ్రైవర్ కుడికంటికి చూపు తిరిగి రాదు. ఇక బస్సు నడపడానికి ఒప్పుకోరు.

ఆ పేజీకి జిరాక్స్ తీయించి మహారాణి ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు, ఇనుప మెట్లు. తలుపు తీసింది వాళ్ళ అత్తగారు.

"ఎవరు?"

"ప్రెస్ నుంచండి."

"ఉద్యోగం తీశారు, పేరు తీశారు. ఇంకేం మిగిలిందని వచ్చారు?" అని లోపలికి తిరిగి, "అమ్మాయ్, మీ ఆఫీసాయన. నీళ్ళివ్వమంటావా, వద్దా?" అంది.

"వద్దత్తయ్యా. వెళ్ళిపోతారు."

ఆవిడ బయటికొచ్చి గడపలోనే నిలబడి జిరాక్స్ చదివింది. రెండుసార్లు చదివింది.

"నవ్వానా?"

"అలా రాశాను."

"నవ్వలేదు సార్. మీ గదిలోంచి బయటికొచ్చి బాత్‌రూమ్‌లో మొహం కడుక్కున్నా. అందుకే ఆలస్యమైంది. అందుకే అక్షరాలు చూడలేదు." కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికే తిరిగిచ్చింది. "ఇది నాకెందుకు? అందులో ఉన్నది నాకు తెలుసు. తెలియనివాళ్ళకివ్వండి."

"రేపు మీరు ఏం చెప్తారు?"

"అతికించింది నేనేనని చెప్తా. ఆ కన్ను నా చేత్తో పోయింది. అది రాసుకోండి, సమయం కూడా వేసుకోండి. మీరేం చెప్తారో నన్నడక్కండి. మీరు ఏం చెప్పినా నేను మీకు దణ్ణం పెట్టను."

"నేను దానికోసం..."

"దానికోసమే వచ్చారు సార్."

మెట్లు దిగుతుంటే పైనుంచి అత్తగారి గొంతు, "మంచివాడిలా ఉన్నాడే." ఆవిడ జవాబు వినపడలేదు. తలుపు మూసిన చప్పుడు వినపడింది.

5.30కి పెద్దసార్ గదికి వెళ్ళి, సంతకం లేని కాగితం బల్ల మీద పెట్టాను. మూడో వాక్యం నిజం కాదని చెప్పాను. ఎలా తెలుసన్నారు. నేను రాసుకున్నానని చెప్పాను. ఆయన చాలా అన్నారు. అందులో రాయదగ్గవి రెండు. ఒకటి, రేపటి నుంచి నేను ఆ గదిలోకి రానక్కర్లేదు. రెండు, నేను లేకపోయినా విచారణలో ఇంకో సంతకం దొరుకుతుంది.

దొరుకుతుంది. మొన్న ఆరుగురం అంతే అన్నాం కదా.

6.10కి అధికారి కార్యాలయం నుంచి ఫోన్. రేపు ఉదయం మూడో అంతస్తు గదిలో ఉండాల్సిన వస్తువులు చదివారు. నాలుగు బిస్కెట్ డబ్బాలు, ఎర్ర టేపు చుట్ట, స్టోరు రిజిస్టరు, పసుపు కుర్చీ. నా దగ్గర ఇంకేమైనా ఉందా అని అడిగారు. ఒక పుస్తకం ఉందన్నాను. తెమ్మన్నారు. జిరాక్స్ చాలదట, పుస్తకమే కావాలట.

కుర్చీ పైకి ఎవరు మోస్తారని గేటు దగ్గర అడిగాను. షిఫ్టు వదిలే సమయం. నలభై మంది పైనే ఉన్నారు. ఎవరూ కదల్లేదు.

"మాకు అలవాటు లేదు సార్, మోయడం. కూర్చోవడమే అలవాటు," అన్నాడు ఇంకు మామ. ఎవరూ నవ్వలేదు.

దొరకని సీసా ఇంకా ఒకటి ఉంది. రేపు ఉదయం ఆరింటి వార్తల్లో మళ్ళీ ప్రకటన వేస్తారు.

తొమ్మిదింటికి కుర్చీ పైకి తీసుకెళ్ళాలి. నేనే మోస్తాను. పదిన్నరకి నా వాంగ్మూలం, ఈ పుస్తకంతో. పన్నెండింటికి ఆవిడది.